మూడు ఆఫర్లు, అమ్మ పేరున ఐదు సెంట్లు

ఈసారి ఉత్తరం విజయవాడ సింగ్ నగర్ నుంచి. పేరు వేయొద్దని రాసింది ఆ అమ్మాయి. యూనివర్సిటీల పేర్లు నేనే తీసేశాను. ఏడు పేజీలు రాసింది, అందులో రెండు పేజీలు లెక్కలే. కుదించి చెబుతాను.

వయసు 23. సివిల్‌లో బీటెక్ అయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తోంది, జీతం 22 వేలు. నాన్నకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వాటా ఉంది. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు వీళ్ళింట్లోకి ఛాతీ దాకా నీళ్ళొచ్చాయి. బియ్యం డబ్బాలో బియ్యాన్ని గోతాంలోకి వంపేసి, ఆ డబ్బాలో తన సర్టిఫికెట్లూ ఇంటి కాగితాలూ పెట్టి మూత బిగించింది. మంచం మీద కుర్చీ, కుర్చీ మీద డబ్బా. నాలుగు రోజులు ఎదురింటి డాబా మీద గడిపి వచ్చేసరికి మంచం గోడకు ఒరిగి ఉంది, కుర్చీ వంటింట్లోకి కొట్టుకుపోయింది, డబ్బా మాత్రం బురదలో నిటారుగా కూర్చుని ఉంది. "కాగితాలు తడవలేదు సార్" అని రాసింది. వరదల మీద, నీటి వనరుల మీద పైచదువు చదవాలని ఆ రోజే అనుకుందట.

ఇప్పుడు మూడు ఆఫర్లున్నాయి. ఒకటి అమెరికాలో, టెక్సాస్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో రెండేళ్ళ ఎంఎస్. చిన్న స్కాలర్‌షిప్ పోగా చదువుకూ ఉండటానికీ ఏడాదికి 33 వేల డాలర్లు. రెండోది జర్మనీలో, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, నీటి వనరుల ఇంజనీరింగ్, బోధన ఇంగ్లీషులోనే, ఇదీ రెండేళ్ళే. మూడోది యూకేలో ఏడాది ఎంఎస్సీ, ఫీజు 27 వేల పౌండ్లు. ఈ నెలాఖరులోగా 5 వేల పౌండ్లు డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని బెంజి సర్కిల్ దగ్గరి కన్సల్టెన్సీ వాళ్ళు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నారు. అమెరికాకు ఏప్రిల్ 15 గడువని, అది దాటిపోయిందని కూడా భయపెట్టారు. డల్లాస్‌లో ఉన్న పెదనాన్న కూతురు తన దగ్గరికే రమ్మంటోంది. నాన్న "నీ ఇష్టమమ్మా" అంటారు. మేనమామ ఈ డబ్బుతో పెళ్ళి చేసేయొచ్చు కదా అంటారు.

డబ్బు సంగతి. సింగ్ నగర్ ఇల్లు బీ-ఫారం పట్టా (ప్రభుత్వం ఇచ్చిన స్థలం), బ్యాంకు తాకట్టుకు ఒప్పుకోలేదు. కంకిపాడు దగ్గర అమ్మ పేరున ఐదు సెంట్ల ఇళ్ళస్థలం ఉంది. అమ్మమ్మ వాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చినది. బ్యాంకు వాళ్ళు 38 లక్షలకు విలువ కట్టారు. అది పెట్టి, పైన కొంత ప్రైవేటు ఫైనాన్స్ కలిపితే 45 లక్షల దాకా అప్పు పుడుతుంది. పాడిన చీటీ, తన పొదుపు కలిపి చేతిలో 8 లక్షలున్నాయి. "అమ్మ ఏమీ అనలేదు" అని ఒక వాక్యం. చివర ప్రశ్న: "ర్యాంకు చూసి మూడింట్లో ఏది తీసుకోమంటారు?"

అమ్మా, ర్యాంకు చూడొద్దు. ఆ పట్టికలు యూనివర్సిటీ మొత్తానికి మార్కులు వేస్తాయి, అందులో పెద్ద భాగం పరిశోధనా పత్రాలకూ, పేరు ప్రతిష్ఠల సర్వేలకూ పోతుంది. మీకు కావలసింది ఒక డిపార్ట్‌మెంటు, అందులో నలుగురు ప్రొఫెసర్లు, ఓ పాతిక సబ్జెక్టులు. రెండు వందల ర్యాంకున్న చోట హైడ్రాలజీ విభాగం గొప్పగా ఉండొచ్చు, యాభయ్యో ర్యాంకున్న చోట అసలు లేకపోవచ్చు.

అసలు మీ చేతిలో ఉన్నవి మూడు కావు, రెండే. మీరు జతచేసిన యూకే ఆఫర్ లెటర్‌లో కోర్సు పేరు మళ్ళీ చూడండి: కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. అది మంచి కోర్సే, కానీ అందులో వరద లేదు, నది లేదు, కాలవ లేదు. మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రెండు పేజీలూ బుడమేరు గురించి రాసి, దాన్ని కాంట్రాక్టు నిర్వహణ కోర్సుకు ఎవరు జతచేశారో నేను ఊహించగలను. యూకే యూనివర్సిటీలు చాలావరకు తమకు విద్యార్థిని చేర్చిన ఏజెంటుకు కమీషన్ ఇస్తాయి, అందులో దాపరికం ఏమీ లేదు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల దగ్గర ఆ పద్ధతి లేదు. ఫోన్లు ఏ సీటు గురించి ఎక్కువ వస్తున్నాయో మీరే రాశారు. కన్సల్టెన్సీ వాళ్ళంతా మోసగాళ్ళని నేననను. ఫారాలు నింపడంలో, వీసా కాగితాలు సర్దడంలో వాళ్ళ పనితనం వాళ్ళకుంది. సలహా అడిగేటప్పుడు మాత్రం అటువైపు కూర్చున్నది అమ్మకందారు అని గుర్తుంచుకోవాలి.

ఖర్చు కూడా చిన్నదేమీ కాదు. పౌండు నూట ఇరవై చొప్పున ఫీజే 32 లక్షలు దాటుతుంది. లండన్ బయటైతే ఉండటానికి నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము చూపాలి. హెల్త్ సర్‌ఛార్జి కింద ఇంకో 1,164. మొత్తం 46 లక్షల చుట్టూ, ఏడాది చదువుకు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా ఇదివరకు రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవారికి 18 నెలలే. ఈ సెప్టెంబరులో చేరితే మీరు ఆ 18 నెలల జాబితాలోకే వస్తారు. కన్సల్టెన్సీ కరపత్రంలో ఇంకా రెండేళ్ళే ఉందేమో చూడండి. ఇంగ్లండే ఇష్టమైతే అదే యూనివర్సిటీకి ఉత్తరం రాసి నీటికి, వరదకు సంబంధించిన కోర్సుకు మార్చుతారేమో అడగండి. మార్చామని లిఖితంగా చెప్పేదాకా ఆ డిపాజిట్ 6 లక్షలు కదపొద్దు. వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత వెనక్కిస్తారో ప్రతి యూనివర్సిటీకి ఒక నియమం ఉంటుంది, అదీ చదవండి.

ఏప్రిల్ 15 సంగతి. అది గాల్లోంచి పుట్టినది కాదు. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది: అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పని ఇచ్చి జీతమివ్వడం) లాంటి ఆర్థిక సహాయంతో సీటిచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదని. అంటే విద్యార్థికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి పెట్టుకున్న తేదీ. సొంత డబ్బుతో వెళ్ళే మీకు అది వర్తించదు. మీ గడువు మీ అడ్మిషన్ లెటర్‌లో రాసి ఉన్న తేదీ, అంతే.

ఇక మిగిలిన రెండింటిలో మీ మనసు అమెరికా వైపు ఉందని తెలుస్తూనే ఉంది. టెక్సాస్ గురించి మూడు పేజీలు రాశారు, జర్మనీకి ముప్పావు పేజీ. తప్పేం లేదు. అక్క డల్లాస్‌లో ఉంది. వెళ్ళిన మొదటి నెల తలదాచుకోవడానికి ఒక ఇల్లు, దిగులేస్తే తెలుగులో ఏడవడానికి ఒక మనిషి ఉండటం చిన్న విషయమని నేననను. చదువు కూడా మీరు కోరుకున్నదే. సివిల్ కూడా స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్ చదువులు) కిందికే వస్తుంది కాబట్టి చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్ళు పనిచేసుకునే వీలుంది. ఆ మూడేళ్ళలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో రెండు మూడుసార్లు అదృష్టం చూసుకోవచ్చు. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు మన ఊళ్ళో గగ్గోలు పుట్టింది. అది అక్కడే చదివి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. అయితే 2026 నుంచి లాటరీలో ఎక్కువ జీతం స్థాయి ఉన్నవారికి ఎక్కువ అవకాశాలిస్తున్నారు. కొత్తగా చేరే సివిల్ ఇంజనీరు జీతం అందులో కింది మెట్టు. మీ అక్క సాఫ్ట్‌వేర్‌లో వెళ్ళింది, వేరే కాలంలో వెళ్ళింది. ఆమె అనుభవం నిజమే, కానీ అది మీకు అలాగే జరుగుతుందని కాదు.

లెక్కకొద్దాం. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి, నాకు ఇదే వచ్చిన విద్య. డాలరు 90 చొప్పున రెండేళ్ళకు 59 లక్షల పైచిలుకు అని వేశారు. అందులో అప్పు 45, చేతిలో 8, మిగతా 6 క్యాంపస్ ఉద్యోగం. రెండు చోట్ల సర్దుకోవాలి. రెండో ఏడాది ఫీజు కట్టేనాటికి డాలరు ఎంత ఉంటుందో మీరూ నేనూ చెప్పలేం, కాబట్టి నూటికి పది ఎక్కువ వేసుకోండి. క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదు, దొరుకుతుందన్న హామీ లేదు, బయట పెట్రోలు బంకులో చాటుగా చేస్తే వీసాకే ముప్పు. ఆ 6 లక్షలను రాబడి కింద రాయకండి. వస్తే పండగ.

అప్పుపై వడ్డీ 10.5 శాతం అనుకుందాం. చదువుకునే కాలానికీ, ఆ తర్వాత ఆరు నెలలకూ వాయిదా కట్టనక్కర్లేదని చెబుతారు. నిజమే, కానీ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. వాయిదాలు మొదలయ్యేసరికి 45 లక్షలు 54 దగ్గరికొస్తుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 73 వేలు. పదిహేనేళ్ళు పెట్టుకుంటే 60 వేలు. అమెరికాలో ఉద్యోగముంటే అది నెలకు 800 డాలర్ల మాట, కట్టేస్తారు. విజయవాడలో మీ జీతం 22 వేలు. అంటే ఆ అప్పు డాలర్లలో మాత్రమే తీరే అప్పు. అక్కడ నచ్చకపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా, లాటరీ తగలకపోయినా వెనక్కి వచ్చే దారి మూసేసుకుని బయల్దేరుతున్నారన్నమాట. కొందరికి ఆ మూసిన తలుపే పట్టుదల ఇస్తుంది. కొందర్ని అది రాత్రిళ్ళు నిద్ర పోనివ్వదు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

నేను మీ ఉత్తరంలో ఎక్కువసేపు ఆగింది మాత్రం "అమ్మ ఏమీ అనలేదు" అన్న చోట.

బందరు రోడ్డు మీద ఒక బ్రాంచిలో నేను పనిచేస్తున్నప్పుడు ఒక తల్లి వచ్చింది. కొడుకు చదువుకు ఆవిడ స్థలం తనఖా. లీగల్ ఒపీనియన్ వచ్చేసింది, ఈసీ వచ్చేసింది, లింకు డాక్యుమెంట్లు సరిపోయాయి, ఇక అసలు దస్తావేజు అప్పగించడమే. గుడ్డ సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి హిందూ పేపరు చుట్ట, అందులోంచి దస్తావేజు తీసింది. నాలుగు మూలలా పసుపు బొట్లు, పాతబడి గోధుమరంగుకు తిరిగాయి. నేను దాన్ని తీసుకుని పేజీలు లెక్కపెడుతుంటే, "మళ్ళీ ఎప్పుడిస్తారండీ?" అంది. "లోను క్లోజ్ అయ్యాకమ్మా" అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. ఎక్కడ ఆగిందో తెలీదు, సంతకం పెట్టింది. కొడుకు బయట ఫోన్‌లో ఉన్నాడు. ఆవిడ అడిగినదానికి జవాబు పన్నెండేళ్ళు కావొచ్చని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

మీ అమ్మగారు మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నట్టా? కావొచ్చు. మన ఇళ్ళలో ఆడవాళ్ళ పేరున ఉన్న ఒకే ఒక్క ఆస్తి చాలాసార్లు ఇలా మౌనంగానే కదులుతుంది. (మీ మేనమామగారు అది పెళ్ళికి వాడమంటున్నారు, మీరు చదువుకు వాడాలనుకుంటున్నారు. ఆవిడకేం కావాలని ఇద్దరూ అడగలేదు.) ఆవిడకు మూడు విషయాలు తెలియాలి. తనఖా ఉన్నంతకాలం ఆ స్థలం అమ్మడానికి లేదు, మీ తమ్ముడి చదువుకు మళ్ళీ పెట్టడానికీ దాదాపు లేదు. వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసిచ్చి, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కోర్టుకెళ్ళకుండానే బ్యాంకు ఆ స్థలాన్ని వేలం వేయగలదు. ఇవన్నీ ఇంగ్లీషు కాగితాల్లో ఉంటాయి. మీరు తెలుగులో, నాన్నగారు లేనప్పుడు, వంటింట్లో కూర్చుని చెప్పండి. అన్నీ విని కూడా పెడతానంటే అది ఆవిడ మీకిచ్చిన బలం, తల వంచుకుని తీసుకోండి. పెట్టననడానికి కూడా ఆవిడకు హక్కుంది. నన్నడిగితే, ఆ మాట అనగలిగే వీలు ఆవిడకు మీరే కల్పించాలి.

పెట్టనంటే మీ చదువు ఆగిపోతుందా? ఆగదు. జర్మనీని మీరు ముప్పావు పేజీలో తేల్చేశారు, దాన్ని కొంచెం విప్పి చూద్దాం.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదని అందరూ అంటారు. మీ ఆఫర్ ఉన్న రాష్ట్రం దానికి మినహాయింపు: యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. ఏడాదికి 3,000. బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అది ఖర్చు కాదు, మీ డబ్బే, అక్కడికెళ్ళాక నెలకు 992 చొప్పున మీకే వస్తుంది, దాంతోనే బతకాలి. వీసా రాకపోతే ఆ సొమ్ము వెనక్కొస్తుంది. యూరో 105 చొప్పున మొదటి ఏడాదికి 15 లక్షల 65 వేలు, టికెట్టూ చిల్లరా కలిపి 17 అనుకోండి. మీ దగ్గర 8 ఉంది. ఐబీఏ (బ్యాంకుల సంఘం) మోడల్ విద్యా రుణం 7.5 లక్షల దాకా స్థలం తాకట్టు లేకుండా, ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ కింద ఇవ్వొచ్చు. ఇది విదేశీ చదువుకూ వర్తిస్తుంది. బ్రాంచి మేనేజర్లు దీని దగ్గర వెనకాడతారు, నాకు తెలుసు, నేనూ వెనకాడినవాణ్ణే. స్కీము పేరు చెప్పి, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగండి. రెండూ కలిపితే 15.5. మిగతా లక్షన్నరలో వీలైనంత అక్టోబరు లోపు మీ జీతంలోంచి తీయాలి, తక్కువపడింది ఇంట్లో సర్దుకోవాలి. అంటే మొదటి ఏడాదికి అమ్మగారి దస్తావేజు బీరువాలోంచి కదలనక్కర్లేదు.

రెండో ఏడాది కథ వేరు. అక్కడ నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్ళీ చూపాలి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. కనీస వేతనం 2026లో గంటకు 13.90 యూరోలు. డిపార్ట్‌మెంటులోనే చిన్న సహాయక ఉద్యోగాలుంటాయి, హీవీ అంటారు. కష్టపడి నిలదొక్కుకున్నవాళ్ళు దాంతో చాలామటుకు ఈదుతారు. నిలదొక్కుకోలేకపోతే ఏడాది తర్వాత మీరు మళ్ళీ ఆ ఐదు సెంట్ల దగ్గరికే వస్తారు. ఆ మాట కూడా అమ్మగారికి ఇప్పుడే చెప్పాలి. అయితే అప్పటికి అప్పు ఏ పదిహేను లక్షలో ఉంటుంది. 54 లక్షలతో పోలిస్తే అది ఇక్కడికొచ్చి ఉద్యోగం చేస్తూ కూడా, పళ్ళబిగువున, తీర్చగల అప్పు.

జర్మనీలో చేదు ఎక్కడుందంటే, భాషలో. చదువు ఇంగ్లీషులో, ఉద్యోగం జర్మన్‌లో. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఇంగ్లీషుతో నెట్టుకొస్తారేమో గానీ, మీది మునిసిపాలిటీతో, కాంట్రాక్టరుతో, స్థానిక నిబంధనలతో మాట్లాడే వృత్తి. ఇక్కడ సైట్‌లో మేస్త్రీతో తెలుగు రాని ఇంజనీరు ఎంత నెగ్గుకొస్తాడో మీకు తెలుసు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు, కానీ బీ2 స్థాయి (పనిలో ధారాళంగా మాట్లాడగలిగే) జర్మన్ లేకుండా ఆ 18 నెలలూ కరిగిపోతాయి. మీకు ఇప్పుడు జర్మన్‌లో ఒక్క ముక్క రాదని రాశారు. ఇవాళ మొదలుపెడితే అక్టోబరుకు ఏ2 (ప్రాథమిక స్థాయి) దగ్గర ఉండొచ్చు. సైట్ నుంచి ఏడింటికి ఇంటికొచ్చి రోజూ గంటన్నర జర్మన్ చదవగలరా? నెల రోజులు ప్రయత్నించి చూడండి. ఆ నెలే మీకు జవాబు చెబుతుంది, నాకంటే బాగా.

నాలుగో దారి కూడా ఒకటుంది, మీరు రాయలేదు. ఏడాది ఆగడం. మన ఊళ్ళో ఏడాది ఆగిందంటే ఏదో అయిందనుకుంటారు, అనుకోనివ్వండి. అమెరికా యూనివర్సిటీలు చాలావరకు అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టరుకో ఏడాదికో వాయిదా వేస్తాయి. జర్మనీవాళ్ళు మామూలుగా వేయరు, మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. మీరు సొంత జీతంలోంచి 18 వేలు కట్టి తెచ్చుకున్న ఏపీఎస్ సర్టిఫికెట్ (జర్మనీవాళ్ళు మన చదువు కాగితాలు తనిఖీ చేసి ఇచ్చేది) మాత్రం అప్పుడూ పనికొస్తుంది. ఆ ఏడాదిలో చేయదగ్గ పని ఉంది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలిచ్చి రెండేళ్ళు చదివిస్తారు, నీటికి సంబంధించిన కోర్సులు అందులో ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ఐహెచ్ఈ డెల్ఫ్ట్ అని నీటి చదువుకోసమే ఉన్న సంస్థ ఉంది. వీటి దరఖాస్తులు చాలావరకు అక్టోబరు నుంచి జనవరి మధ్య నడుస్తాయి, అందుకే ఏప్రిల్‌లో మేల్కొన్నవాళ్ళకు కనిపించవు. పోటీ గట్టిది. కానీ 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు ప్రకాశం బ్యారేజీ దాటిన రోజుల్లో, ఇంకోవైపు నుంచి బుడమేరు నీళ్ళు ఇంట్లోకొచ్చిన పిల్ల రాసే స్టేట్‌మెంట్‌ను అందరూ రాయలేరు. ఏడాదిన్నర సైట్ అనుభవం అప్పటికి రెండున్నర అవుతుంది. గేట్ రాస్తే వరంగల్ ఎన్ఐటీలోనో, రూర్కీ ఐఐటీలోనో నీటి వనరుల ఎంటెక్, నెలకు 12,400 స్టైపెండ్‌తో. అక్కడ చదివి పీహెచ్‌డీకి బయటికెళితే చాలాచోట్ల వాళ్ళే జీతమిస్తారు. నష్టం కూడా ఉంది: ఏడాది వయసు, ఈసారి వచ్చిన జర్మనీ సీటు, ఇంట్లో పెళ్ళి మాట ఇంకో పన్నెండు నెలలు వినడం. ఆ చివరిది ఎంత బరువో మీకే తెలుసు, మగవాణ్ణి, నేను తేలిగ్గా అనేయలేను.

నా మొగ్గు ఎటో మీకు అర్థమై ఉంటుంది. జర్మన్ నెల పరీక్షలో నెగ్గితే జర్మనీ, నెగ్గకపోతే ఏడాది ఆగి స్కాలర్‌షిప్. అమెరికాకు అసిస్టెంట్‌షిప్ వస్తే నా మాట మారుతుంది. దానికి మీరు ఆ డిపార్ట్‌మెంటులో వరదల మీద పనిచేసే ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లకు ఈ వారమే మెయిల్ రాయాలి. బుడమేరు గురించి నాలుగు వాక్యాలు, మీ సైట్ పని గురించి రెండు. చాలామంది జవాబివ్వరు. ఒక్కరిచ్చినా 45 లక్షల లెక్క తారుమారవుతుంది. ఇది నా మొగ్గు మాత్రమే. మీరు తెలిసి తెలిసి టెక్సాస్‌కే వెళితే నేను నొచ్చుకోను. అప్పుడు మాత్రం ప్రైవేటు ఫైనాన్స్ భాగాన్ని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి, వడ్డీ అక్కడే ఎక్కువ. బ్యాంకు విద్యా రుణంతో పంపే ఫీజు మీద టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద ముందే పట్టే పన్ను) పడదు, ఎవరైనా పడుతుందంటే నమ్మకండి.

నెలాఖరు ఫోన్లకు ఒకటే మాట చెప్పండి: కోర్సు మార్పు గురించి యూనివర్సిటీకి నేనే రాశాను, జవాబొచ్చాక చూద్దామని. సెమిస్టరు వారీగా సబ్జెక్టుల జాబితాలు టెక్సాస్ నుంచీ, జర్మనీ నుంచీ తెప్పించుకోండి. జర్మనీవాళ్ళు దాన్ని మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, నగరాల్లో వరదలు, కాలవల గండ్లు, వాన అంచనాలు ఎన్ని పేజీల్లో కనబడతాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. మీ తమ్ముడికి ఈ మే, జూన్లలో ఎంత డబ్బు అవసరమవుతుందో నాన్నగారిని అంకెతో సహా అడగండి, "చూద్దాంలే" అంటే ఒప్పుకోవద్దు.

అమ్మగారితో మాట్లాడాక మళ్ళీ రాయండి. ఆవిడ ఏమన్నారో మీ మాటల్లో వద్దు, ఆవిడ అన్నది అన్నట్టుగా రాయండి.